'లేదా' వస్తే కూడాలి, 'మరియు' వస్తే గుణించాలి: ఈ సూత్రాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

వెన్నెల_రాత్రి
సంభావ్యత మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటున్నాను. ఒక్క నాణెం, ఒక్క పాచిక ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు, రెండు ఘటనలు కలిసేసరికి అంతా గజిబిజి అయిపోతోంది. చూసిన ప్రతి వీడియోలోనూ ఒకటే మాట: 'లేదా' వస్తే కూడండి, 'మరియు' వస్తే గుణించండి. సరే, రెండు పాచికలు వేస్తే కనీసం ఒకదానిమీద ఆరు పడే సంభావ్యత ఎంత అనే లెక్క తీసుకున్నాను. అంటే మొదటిదానిమీద ఆరు లేదా రెండోదానిమీద ఆరు. 'లేదా' ఉంది కాబట్టి 1/6 + 1/6 = 2/6, అంటే 12/36. వెనక జవాబుల పేజీలో మాత్రం 11/36 అని ఉంది. ఆ ఒక్కటి ఎక్కడికి పోయింది? సూత్రం తప్పా, పుస్తకం తప్పా? సూత్రం పేరు చెప్పి వదిలేయకుండా అసలు ఏం జరుగుతోందో ఎవరైనా చెప్పండి ప్లీజ్. పరీక్ష దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

మూడోబెంచి
పుస్తకం కరెక్టే. రెండింటిమీదా ఆరు పడే కేసు మీ కూడికలో రెండుసార్లు వచ్చింది. అదే ఆ ఒక్కటి.

నల్లబల్ల
మూడోబెంచి చెప్పింది నిజమే కానీ ఆవిడ అడిగింది కళ్లకు కనబడేలా చెప్పమని. వెన్నెల గారూ, కాగితంమీద 6 అడ్డ వరుసలు, 6 నిలువు వరుసలు గీయండి. అడ్డ వరుసలు మొదటి పాచికకి, నిలువు వరుసలు రెండోదానికి. మొత్తం 36 గళ్లు, అన్నిటికీ సమాన అవకాశం. ఇప్పుడు మొదటి పాచికమీద ఆరు పడిన గళ్లకు పెన్సిలు రుద్దండి. అడుగున ఉన్న అడ్డ వరుస మొత్తం, 6 గళ్లు. తర్వాత రెండోదానిమీద ఆరు పడిన గళ్లకు రుద్దండి. కుడిచివర ఉన్న నిలువు వరుస, అక్కడా 6 గళ్లే. ఇప్పుడు పెన్సిలు రుద్దిన గళ్లు లెక్కపెడితే 12 రావు, 11 వస్తాయి. మూలన ఉన్న గడి రెండు వరుసల్లోనూ ఉంది, అది మిగతావాటికంటే నల్లగా కనబడుతుంది చూడండి, దానికి రెండుసార్లు పెన్సిలు తగిలింది. కూడినప్పుడు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒకసారి తీసెయ్యాలి: 6/36 + 6/36 − 1/36 = 11/36. పుస్తకాల్లో సంకలన సిద్ధాంతం అని పెద్ద పేరుతో ఉండేది ఇదే.

ఒట్టి కూడికతో సరిపోయేది రెండు ఘటనలూ కలిసి జరగడానికి వీల్లేనప్పుడు మాత్రమే. ఒకే పాచికమీద రెండు గానీ అయిదు గానీ పడాలంటే హాయిగా 1/6 + 1/6 వేసుకోవచ్చు, ఒకే పాచికమీద ఒకే దెబ్బకి రెండూ అయిదూ పడవు కదా. వీటినే పరస్పర వివర్జిత ఘటనలు అంటారు.

వెన్నెల_రాత్రి
గీశాను. మూలగడి చూశాక అర్థమైంది. మరి వీడియోల్లో ఈ తీసివేత సంగతి ఎందుకు చెప్పరు?

అడ్డప్రశ్న
చెప్తారండి, ఆఖరి నిమిషంలో చెప్తారు, అప్పటికి చూసేవాళ్లు సగంమంది లేచి వెళ్లిపోయి ఉంటారు.

కానీ నల్లబల్ల గారి పద్ధతితో నాకో పేచీ ఉంది. రెండు పాచికలకు 36 గళ్లు గీస్తాం, బాగానే ఉంది. అయిదు పాచికలకు 7776 గళ్లు ఎవరు గీస్తారు? గళ్లు గీయడం అలవాటు చేస్తే పరీక్ష హాల్లో కూడా గీస్తూ కూర్చుంటారు. సూత్రం నేర్పి, అది ఎప్పుడు వాడాలో చెప్పడమే మేలు.

నల్లబల్ల
అయిదు పాచికలకు గళ్లు గీయమని నేనూ చెప్పను. రెండింటికి ఒక్కసారి తన చేత్తో గీసినవాళ్లకి అయిదింటికి గీయకుండానే తెలుస్తుంది ఏది రెండుసార్లు లెక్కలోకి వస్తోందో. ఆ ఒక్కసారీ గీయనివాళ్లు సూత్రాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు. ఏళ్లతరబడి క్లాసులో చూస్తున్నది ఇదే.

మూడోబెంచి
'కనీసం ఒకటి' అని కనబడగానే నేను లెక్కని తిరగేస్తాను. ఒక్క ఆరు కూడా పడకపోవడం ఎంత? 5/6 × 5/6 = 25/36. 1లోంచి తీసేస్తే 11/36. పాచికలు అయిదైనా అంతే, 5/6ని అయిదుసార్లు గుణించి 1లోంచి తీసెయ్యడం. గళ్లూ వద్దు, సంకలన సిద్ధాంతమూ వద్దు.

కోడ్‌పురుగు
అవును, పూరక ఘటన. 'కనీసం' అనే మాటకి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఒట్టి కూడిక ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే పాచికలు పెంచుకుంటూ పొండి. మూడు పాచికలకి కూడితే 3/6, అసలు జవాబు 91/216, అంటే 0.42. ఆరింటికి కూడితే సరిగ్గా 1 వస్తుంది, అంటే ఆరు పాచికలు వేస్తే ఎక్కడో ఒకచోట ఆరు పడి తీరాలన్నమాట. అసలు జవాబు 0.665, అంటే ఆరు పాచికలు వేసినా మూడింట ఒకసారి ఒక్క ఆరు కూడా కనబడదు. ఏడు పాచికలకైతే కూడికలో 7/6 వస్తుంది, గ్యారంటీకంటే ఎక్కువ గ్యారంటీ :) సంభావ్యత 1 దాటిందంటే ఎక్కడో ఏదో రెండుసార్లు లెక్కలోకి వచ్చిందని అర్థం.

చిన్నిఆశ
7/6 భలే ఉంది. నోట్సులో రాసుకున్నా.

వెన్నెల_రాత్రి
'లేదా' సంగతి తేలింది. ఇప్పుడు 'మరియు'. రెండు పాచికలు వేస్తే ఒకదానిమీద అయిదు, ఒకదానిమీద ఆరు పడాలి. 1/6 × 1/6 = 1/36 కదా? జవాబు 1/18 ఇచ్చారు. ఇందాకేమో ఎక్కువ వచ్చింది, ఇప్పుడేమో తక్కువ వచ్చింది.

సగటుమనిషి
మీ 36 గళ్లలో అయిదు-ఆరు గడి ఎక్కడుందో వెతకండి. ఒకటి కాదు, రెండుంటాయి. మొదటిది అయిదు, రెండోది ఆరు అయిన గడి ఒకటి. మొదటిది ఆరు, రెండోది అయిదు అయిన గడి ఇంకొకటి. మీరు గుణించింది మొదటి గడికి మాత్రమే. రెండు గళ్లూ కలిస్తే 2/36 = 1/18.

అడ్డప్రశ్న
ఇది మాత్రం నాకు మింగుడుపడదు. పాచికలు రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయనుకోండి, గిలకొట్టి ఒకేసారి వేశాను, ఒక అయిదు ఒక ఆరు కనబడ్డాయి. ఏది మొదటిది, ఏది రెండోది? నాకు కనబడేది ఒకటే ఫలితం. అలా చూస్తే మొత్తం ఫలితాలు 36 కాదు, 21. ఒకేలాంటి జతలు 6, వేరువేరు అంకెల జతలు 15. అప్పుడు అయిదు-ఆరు 1/21 ఎందుకు కాకూడదు?

నల్లబల్ల
మంచి ప్రశ్న, చాలామంది బయటికి అడగరు. ఒక పాచికకు ఎర్రరంగు వేయండి, ఇంకోదానికి నీలంరంగు. ఇప్పుడు ఎర్ర అయిదు-నీలం ఆరు, ఎర్ర ఆరు-నీలం అయిదు రెండు వేరు ఫలితాలని మీరే ఒప్పుకుంటారు. రెండు ఆర్లు పడటానికి మాత్రం ఒకటే దారి: ఎర్రదీ ఆరు, నీలందీ ఆరు. ఇప్పుడు రంగు కడిగేయండి. రంగు పోయినంతమాత్రాన పాచికలు దొర్లే తీరు మారుతుందా? మారదు. కాబట్టి రంగు ఉన్నా లేకపోయినా అయిదు-ఆరు జత, రెండు ఆర్ల జతకంటే రెట్టింపుసార్లు పడుతుంది.

అడ్డప్రశ్న
అంటే 21 ఫలితాల జాబితా రాసుకోవడంలో తప్పులేదు, వాటికి సమాన అవకాశాలు లేవు, అంతేనా? జాబితాలో ఆరింటికి 1/36 చొప్పున, పదిహేనింటికి 2/36 చొప్పున. 6 + 30 = 36. లెక్క సరిపోయింది.

నల్లబల్ల
సరిగ్గా అదే. 'అనుకూల ఫలితాలు బై మొత్తం ఫలితాలు' అనే సూత్రం సమసంభవ ఫలితాలున్నప్పుడే పనిచేస్తుంది. ఆ షరతుని మనవాళ్లు నిర్వచనంలో చదివి మరుసటి పేజీలో మర్చిపోతారు.

సగటుమనిషి
అడ్డప్రశ్న గారి అనుమానం చిన్నదేం కాదు. కలన గణితం కనిపెట్టిన లైబ్నిట్జ్ అంతటివాడు రెండు పాచికలతో మొత్తం 12 రావడం, 11 రావడం సమానమే అనుకున్నాడు, రెండూ ఒక్కో రకంగానే వస్తాయి కదా అని. 12 రావాలంటే 6,6 ఒకటే. 11 రావాలంటే 5,6 ఇంకా 6,5. రెట్టింపు.

18వ శతాబ్దంలో డాలాంబేర్ అనే ఫ్రెంచి గణితవేత్తదీ ఇదే కథ. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం 2/3 అని 1754లో అచ్చువేశాడు. ఆయన వాదన ఏమిటంటే, మొదటిసారే బొమ్మ పడితే ఇక రెండోసారి ఎగరేసే పనే లేదు, కాబట్టి కేసులు మూడే: బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, బొరుసు తర్వాత బొరుసు. మూడింట్లో రెండు అనుకూలం. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ మొదటి కేసుకి 1/2, మిగతా రెంటికీ 1/4 చొప్పున, కాబట్టి 1/2 + 1/4 = 3/4.

వెన్నెల_రాత్రి
3/4ని మూడోబెంచి గారి పద్ధతిలో కూడా చేసి చూశాను. రెండుసార్లూ బొరుసు 1/4, 1లోంచి తీసేస్తే 3/4. రెండు దారులూ ఒకేచోటికి వచ్చాయి, ఇది చాలా ధైర్యాన్నిచ్చింది.

చిన్నిఆశ
నాదీ ఒక డౌటు. పరస్పర వివర్జిత అన్నా స్వతంత్ర అన్నా ఒకటే కదా? రెండింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదనే కదా అర్థం?

మూడోబెంచి
కాదు కాదు. దాదాపు తలకిందులు.

పేకమేడ
దీనికి పేకముక్కలకంటే మంచి ఉదాహరణ లేదు, కాస్త ఓపిగ్గా చదవండి. 52 ముక్కల కట్ట, ఒక్క ముక్క తీస్తాం.

ముందు పరస్పర వివర్జితం. తీసిన ముక్క ఆఠీన్ కావడం, అదే ముక్క ఇస్పేటు కావడం. రెండూ కలిసి జరగవు. ఆఠీన్ అని తెలిసిందా, ఇస్పేటు అయ్యే అవకాశం 1/4 నుంచి సున్నాకి పడిపోయింది. అంటే ఒకదాని కబురు తెలియగానే రెండోదాని సంగతి పూర్తిగా మారిపోయింది. సంబంధం లేకపోవడం కాదు, ఇంతకంటే గట్టి సంబంధం ఉండదు!

ఇప్పుడు స్వతంత్రం. తీసిన ముక్క రాజు కావడం, అదే ముక్క ఎర్రది కావడం. కట్టలో రాజులు 4, అంటే 1/13. ఎర్రముక్క అని ఎవరో తొంగిచూసి చెప్పారు. ఇప్పుడు రాజు అయ్యే అవకాశం? ఎర్రముక్కలు 26, వాటిలో రాజులు 2, అదీ 1/13. కబురు తెలిసినా ఏమీ మారలేదు. అదీ స్వతంత్రం అంటే. అందుకే ఇక్కడ గుణించొచ్చు: 1/13 × 1/2 = 1/26, కట్టలో చూసినా ఎర్ర రాజులు 52లో 2, అదే 1/26.

అసలు విషయం ఇప్పుడు. అదే కట్టలో ఒక జోకరు కలపండి. 53 ముక్కలు. జోకరు రాజూ కాదు, దాన్ని ఎర్రముక్కగా లెక్కెయ్యం. రాజు 4/53. ఎర్రది 26/53. గుణిస్తే 104/2809. కానీ ఎర్ర రాజులు 53లో 2, అంటే 106/2809. కలవలేదు! ఒక్క జోకరు వచ్చి చేరేసరికి స్వతంత్రం పోయింది. రెండు ఘటనలు 'వేరువేరు విషయాలు' లాగా అనిపించాయని గుణించేయకూడదు. స్వతంత్రం అనేది చూపుతో తేల్చేది కాదు, అంకెలతో తేల్చేది.

చిన్నిఆశ
జోకరు ఉదాహరణ అదిరింది.

కోడ్‌పురుగు
ఇది ఇన్నాళ్లలో ఎక్కడా చదవలేదు. పేకమేడ గారికి వంద లైకులు.

అడ్డప్రశ్న
ఒప్పుకుంటా, బాగుంది. అయితే 'లేదా' కూడా దీనిమీదే చెప్పి ఉండాల్సింది. రాజు లేదా ఆఠీన్: 4 + 13 − 1 = 16, అంటే 16/52. ఆఠీన్ రాజు రెండుచోట్లా ఉన్నాడు.

నల్లబల్ల
సరే, ఇక్కడిదాకా వచ్చాం కాబట్టి వెన్నెల గారు మొదట అడిగిన సూత్రం సంగతి చెప్తాను. 'లేదా'నీ 'మరియు'నీ వాక్యంలో వెతకడం మానేసి రెండు ప్రశ్నలు వేసుకోండి. కూడబోయేముందు: ఈ రెండూ కలిసి జరగొచ్చా? జరగొచ్చంటే ఆ కలిసిన ముక్కని ఒకసారి తీసెయ్యాలి. గుణించబోయేముందు: మొదటిది జరిగిందని తెలిస్తే రెండోదాని అవకాశం మారుతుందా? మారుతుందంటే మారిన అవకాశంతో గుణించాలి. గుణకారం ఎప్పుడూ తప్పు కాదు, రెండో అంకె ఏది వేస్తున్నామన్నదే సమస్య. దాన్నే షరతు సంభావ్యత అంటారు.

సంచిలో 3 ఎర్రబంతులు, 2 తెల్లబంతులు. చూడకుండా ఒకటి తీశాం, వెనక్కి వేయకుండా ఇంకోటి తీశాం. రెండూ ఎర్రవి కావాలంటే మొదటిది 3/5, అది ఎర్రదైతే సంచిలో మిగిలింది 4, వాటిలో ఎర్రవి 2, కాబట్టి 2/4. గుణిస్తే 6/20. మొదటి బంతి వెనక్కి వేసి ఉంటే 3/5 × 3/5 = 9/25 అయ్యేది. ప్రశ్నలో 'తిరిగి ఉంచకుండా' అనే మాట ఉందో లేదో చూడటానికి ఒక్క క్షణం ఆగండి, సగం మార్కులు అక్కడే పోతాయి.

వెన్నెల_రాత్రి
ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది కావాలంటే? పాచికల్లాగే రెండు దారులు ఉంటాయి కదా. ఎర్ర-తెల్ల 3/5 × 2/4 = 6/20, తెల్ల-ఎర్ర 2/5 × 3/4 = 6/20, మొత్తం 12/20. రెండూ తెల్లవి 2/5 × 1/4 = 2/20. అన్నీ కలిపితే 6 + 12 + 2 = 20. సరిపోయింది!

నల్లబల్ల
అన్నీ కలిపితే 1 వస్తోందా అని చూసుకున్నారు చూడండి, అది చాలా మంచి అలవాటు. వదలకండి.

అడ్డప్రశ్న
ఇప్పుడు నా ప్రశ్న. మొదటి బంతి చూడకుండానే పక్కన పెట్టేశాం. రెండో బంతి ఎర్రది అయ్యే అవకాశం ఎంత? మొదటిది ఏదో తెలియదు కాబట్టి చెప్పలేం అంటాను.

మూడోబెంచి
3/5.

అడ్డప్రశ్న
అది మొదటి బంతి జవాబు కదా? సంచిలో నాలుగే ఉన్నాయిప్పుడు. అయిదు హారంలోకి ఎలా వచ్చింది?

మూడోబెంచి
ఎర్ర-ఎర్ర 6/20, తెల్ల-ఎర్ర 6/20. రెండో బంతి ఎర్రదయ్యే దారులు ఇవే. కలిపితే 12/20 = 3/5. ఈ రెండు దారులూ కలిసి జరగవు కాబట్టి ఒట్టి కూడిక చాలు.

సగటుమనిషి
ఇంకోలా చూడండి. అయిదు బంతుల్నీ తీసి వరుసగా పెట్టారనుకోండి. రెండో స్థానంలోకి రావడానికి ఏ బంతికైనా సమాన అవకాశమే, మొదటి స్థానానికి ఉన్నట్టే. అందుకే 3/5. మొదటి బంతి మాయమైనందువల్ల కాదు మారేది, దాని రంగు మనకు తెలిసినందువల్ల. ఎర్రదని తెలిస్తే 2/4, తెల్లదని తెలిస్తే 3/4, తెలియకపోతే 3/5. ఇది తలకెక్కితే షరతు సంభావ్యత సగం వచ్చేసినట్టే.

అడ్డప్రశ్న
...ఇది కాసేపు ఆలోచించాల్సిన విషయం. వరుసలో పెట్టడం అనే మాటకి మాత్రం ఎదురు దొరకడం లేదు.

చిన్నిఆశ
నాణెం వరుసగా తొమ్మిదిసార్లు బొమ్మ పడింది. పదోసారి బొరుసు పడే అవకాశం ఎక్కువేనా? మా అన్నయ్యకీ నాకూ దీనిమీద గొడవ.

కోడ్‌పురుగు
నాణెం సరైనదైతే 1/2, అంతే. వరుసగా పది బొమ్మలు పడటం 1/1024 అన్నది మొదలుపెట్టకముందు మాట. తొమ్మిది పడిపోయాక అవి జరిగిపోయిన సంగతులు, నాణేనికి గుర్తుండవు. అన్నయ్య ఏ పక్షమో నాకు తెలియదు, కాబట్టి గొడవలోకి నన్ను లాగొద్దు :)

పాచికల లెక్కల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకటి చెప్తాను, మూడోబెంచి తిరగేసే పద్ధతికి ఇదే పాత ఊరు. 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు, సంభావ్యత శాస్త్రం అక్కడినుంచి మొదలైందంటారు. ఆ ఉత్తరాల్లో డి మెరే అనే ఆయన చిక్కు ఒకటుంది. ఒక పాచిక నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడటం లాభసాటి పందెం. మరి రెండు పాచికలు 24 సార్లు వేస్తే కనీసం ఒకసారి జంట ఆర్లు పడటం? ఒక పాచికకు 6 ఫలితాలు, రెంటికి 36, ఆరు రెట్లు, కాబట్టి 4కి బదులు 24 సార్లు వేస్తే లాభం అంతే ఉండాలి అనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటిది 671/1296, అంటే 0.518. రెండోది 35/36ని 24 సార్లు గుణించి 1లోంచి తీసేస్తే 0.491. ఒకటి సగానికి పైన, ఒకటి సగానికి కింద. 24కి బదులు 25 సార్లు వేస్తే 0.506, సగం దాటుతుంది.

పేకమేడ
4/6, 24/36 రెండూ 2/3 కాబట్టి సమానం అనిపించడం. అంటే వెన్నెల గారి మొదటి కూడికే!

సగటుమనిషి
అవును, మనిషి బుర్ర ముందు కూడికవైపే పోతుంది.

గుణకారం గురించి మాత్రం ఒక నిజంగా జరిగిన సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే న్యాయవాదికి పుట్టిన ఇద్దరు పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు హఠాత్తుగా చనిపోయారు. తల్లే చంపిందని కేసు పెట్టారు. కోర్టులో సాక్ష్యం చెప్పిన పిల్లల వైద్య నిపుణుడు, అలాంటి కుటుంబంలో పసిబిడ్డ కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8543లో ఒకటి, ఇద్దరూ అలాగే పోవాలంటే 8543 × 8543, అంటే దాదాపు 7.3 కోట్లలో ఒకటి అన్నాడు. 1999లో ఆవిడకు జీవితఖైదు పడింది. ఆ గుణకారం చెల్లాలంటే రెండు మరణాలూ స్వతంత్ర ఘటనలు కావాలి. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు. మొదటి బిడ్డ అలా పోయిందని తెలిశాక రెండో బిడ్డకి ఆ ప్రమాదం మారదని ఎవరు తేల్చారు? ఎవరూ తేల్చలేదు. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ అంకెకి ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించింది. 2003లో అప్పీలు కోర్టు శిక్ష రద్దు చేసింది. బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలు దానికి ప్రధాన కారణమైనా, ఈ అంకె జ్యూరీ ముందుకు వచ్చిన తీరునీ కోర్టు తప్పుపట్టింది. నల్లబల్ల గారి రెండో ప్రశ్న ఆ రోజు కోర్టులో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

చిన్నిఆశ
చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఒక్క గుణకారానికి ఇంత శిక్షా.

నల్లబల్ల
దీన్ని మా పిల్లలకి తప్పకుండా చెప్తాను. స్వతంత్రం అని రాసి ముందుకెళ్లిపోయే ముందు ఎందుకు స్వతంత్రమో ఒక వాక్యం రాయమంటే విసుక్కుంటారు.

మూడోబెంచి
వెన్నెల గారికి ఒక చిన్న లెక్క. రెండు పాచికలు వేశాను, మీకు చూపించలేదు. కనీసం ఒకదానిమీద ఆరు ఉందని మాత్రం చెప్పాను. రెండూ ఆర్లే అయ్యే అవకాశం ఎంత?

అడ్డప్రశ్న
ఒకటి ఆరని తెలిసింది, ఇంకోటి ఆరు కావాలి, 1/6. ఇందులో లెక్కేముంది.

వెన్నెల_రాత్రి
1/6 కాదనుకుంటానండి. 'కనీసం ఒక ఆరు' అంటే ఇక 36 గళ్లు లేవు, 11 గళ్లే మిగిలాయి. వాటిలో రెండూ ఆర్లు ఉన్న గడి ఒక్కటే. కాబట్టి 1/11. 'మొదటి పాచికమీద ఆరు పడింది' అని చెప్పి ఉంటే ఒక వరుస మాత్రమే, 6 గళ్లు మిగిలేవి, అప్పుడు 1/6.

మూడోబెంచి
👏👏 అడ్డప్రశ్న గారూ, ఎవరికి పాఠం చెప్తున్నామో ఇప్పుడు తెలియడం లేదు.

అడ్డప్రశ్న
గళ్లు గీయొద్దన్న మాట వెనక్కి తీసుకోను కానీ, ఈ లెక్కకి మాత్రం గళ్లే దిక్కు.

నల్లబల్ల
ఇంకొకటి, పరీక్షలో తరచూ వచ్చే రకం. సంచిలో 4 ఎర్రవి, 3 తెల్లవి. తిరిగి ఉంచకుండా మూడు తీశాం. కనీసం ఒకటి తెల్లది?

వెన్నెల_రాత్రి
తిరగేస్తాను. ఒక్కటీ తెల్లది కాకపోవడం అంటే మూడూ ఎర్రవి: 4/7 × 3/6 × 2/5 = 24/210 = 4/35. కాబట్టి 31/35. ఒక తెల్ల, రెండు తెల్లలు, మూడు తెల్లలు అని విడివిడిగా చేసి కూడా సరిచూశాను: 18/35 + 12/35 + 1/35 = 31/35. వీటిలో ఏ రెండూ కలిసి జరగవు కాబట్టి ఒట్టి కూడికే.

నల్లబల్ల
కరెక్ట్. ఎందుకు ఒట్టి కూడిక చాలో కూడా రాశారు, దానికి వేరే మార్కులు వేస్తాను నేనైతే.

కోడ్‌పురుగు
తిరగేయడం బాగా పట్టుబడింది కాబట్టి పుట్టినరోజుల లెక్క కూడా చేసేయండి. గదిలో 23 మంది ఉంటే కనీసం ఇద్దరికి ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం? ఏడాదికి 365 రోజులు, అన్ని రోజులకీ సమాన అవకాశం అనుకోండి. నేరుగా వెళ్తే జతలు, ముగ్గురేసి, నలుగురేసి అంటూ ఎక్కడా తేలదు. అందరివీ వేరువేరు రోజులు కావడం మాత్రం సులువు: 364/365 × 363/365 × ... అలా 343/365 దాకా. మొదటి మనిషికి ఏ రోజైనా ఫర్వాలేదు కదా, అందుకే 364 నుంచి మొదలు. కాలిక్యులేటర్ పట్టుకోండి.

వెన్నెల_రాత్రి
0.493 వచ్చింది. 1లోంచి తీసేస్తే 0.507. ఇరవైముగ్గురికే సగం దాటిందా?! ఎక్కడైనా ఒక భిన్నం ఎక్కువ వేశానేమోనని రెండోసారి కూడా చేశాను, అదే వచ్చింది.

పేకమేడ
సరిగ్గానే చేశారు. 23 మందిలో ఇద్దరిద్దరి జతలు 253 ఉంటాయి, అందుకే అంత త్వరగా పెరుగుతుంది. 22 మందికి చేసి చూడండి, 0.476 వస్తుంది.